మెదడు కోటలోనికి మందు ప్రవేశించిన విధము

తలలో గడ్డ పుట్టినదని వైద్యుడు చెప్పినంతనే ఇంటిల్లిపాదియు నీరుగారిపోవుట మనము చూచుచునే యున్నాము. ఇక చేయవలసినదేమియు లేదని కొందఱు, కత్తి తగిలినచో బ్రతుకరని కొందఱు నిశ్చయించి, ఆ తర్కములోనే విలువగల దినములను పోగొట్టుచుందురు. ఇట్టి వేళ ఇంటిలోని పెద్దల మాటయే చెల్లును. కావున ఆ పెద్దలకే ఈ వ్యాధి తత్త్వమును గూర్చియు, దానిలో నొక తెగకు నేటికిని ముఖ్యౌషధముగా నున్న మందును గూర్చియు నాలుగు మాటలు మనవి చేసెదను. ఆ మందు మన తెలుగువారైన యల్లాప్రగడ సుబ్బారావుగారు నడపిన పరిశోధనశాలనుండి వెలువడినది.

మన వైద్యశాస్త్రమున ఇట్టి గడ్డకు అర్బుదమని పేరు. సుశ్రుతుడు దీని లక్షణములను చెప్పియున్నాడు. గణితమున అదే మాట కోట్లమీది యొక పెద్ద సంఖ్యకును పేరు. ఈ రెండర్థములు ఒక మాటలో నెట్లు కలిసినవో వైయాకరణులు తేల్చవలసినదే గాని, రోగస్వభావమునకు మాత్రము చక్కగా సరిపోయినవి. ఒక్క కణము అదుపు తప్పి కోట్లుగా పెరుగుటయే అర్బుదము.

అదుపు తప్పుటయన నేమి? మన దేహములోని ప్రతి కణమునందును దాదాపు మూడువందల కోట్ల యక్షరముల గ్రంథమొకటి యిమిడియున్నది. దాని లిపికి నాలుగే వర్ణములు. కణము రెండుగా చీలునపుడెల్ల ఆ గ్రంథమంతయు మరల ప్రతి వ్రాయబడవలెను. తాటియాకులపై గ్రంథములకు ప్రతులు వ్రాసినవారి కష్టము మనకు తెలియును గదా! ఎంత జాగ్రత్తపరుడైనను ఎక్కడనో ఒక యక్షరము జారును. కణములో దిద్దువారును కలరు. పెక్కు తప్పులు వెంటనే సవరింపబడును. కాని పెరుగుట యెప్పుడు మానవలెనో చెప్పు పుటలలో తప్పులు నిలిచిపోయినచో ఆ కణమునకు అడ్డుండదు.

మా తోటపల్లి గూడూరు ప్రాంతమున వరి పండించువారికి ఊదను గూర్చి చెప్పనక్కఱలేదు. మొలకనాడు అదియు వరివలెనే యుండును. పీకబోయినచో పైరు కూడ చేతికి వచ్చును. మెదడులోని గడ్డ అట్టిది. పైగా ఇచట చుట్టునున్న పైరు మాట, చూపు, నడక, జ్ఞాపకము. పుఱ్ఱె యెముక గనుక గడ్డ పెరిగిన కొలది లోన ఒత్తిడి హెచ్చును. నిద్ర లేచునప్పటికి తలనొప్పి, దానితో వాంతులు, మునుపెన్నడు లేనివానికి మూర్ఛ, ఒక ప్రక్క కాలుచేతులు పట్టుదప్పుట, మాట తడబడుట, శాంతస్వభావునకు గుణము మారుట: ఇవి దాని గుఱుతులు. ఇవి యన్నియు గడ్డవలననే కలుగునని కాదు. కాని గాలి సోకినదని చెప్పి తాయెత్తు కట్టి నెలలు గడపుట మాత్రము తగదు. తాయెత్తు కట్టినను కట్టుడు, తలను చిత్రము తీయించుట మానకుడు.

ఇక సుబ్బారావుగారి సంగతి. ఆయన 1895లో భీమవరమున జన్మించెను. స్ప్రూ యను గ్రహణివంటి వ్యాధికి అన్నదమ్ములను పోగొట్టుకొని, మద్రాసు వైద్యకళాశాలలో చదివెను. ఖద్దరు ధరించినందున ఆచార్యుని యాగ్రహమునకు గుఱియై, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టముతో తృప్తిపడవలసివచ్చెను. కొంతకాలము మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించి, 1923లో బాస్టన్ నగరమునకు పోయెను. 1940లో లెడర్లీ యను మందుల సంస్థలో చేరెను. మన కోస్తా జిల్లాలవారు బోదకాలు రాకుండ మ్రింగు మాత్ర కూడ ఆ శాలలో ఆయన బృందము తయారుచేసినదే.

తోబుట్టువులను హరించిన వ్యాధికి మందు వెదకుటలో ఆయన దృష్టి ఫోలిక్ ఆమ్లముపై పడెను. ఆకుకూరలలో నుండునది గనుక ఆకు అను నర్థముగల లాటిన్ మాటనుండి దానికి ఆ పేరు వచ్చినది. 1945లో ఆయన బృందము దానిని కృత్రిమముగా చేయగలిగెను. అది రక్తమునకు పుష్టి. కాని బాస్టన్‌లో పిల్లల వైద్యుడగు సిడ్నీ ఫార్బర్ రక్తపుఁ గాన్సరుగల బిడ్డలకు దాని సంబంధమైన పదార్థముల నీయగా రోగము తగ్గుటకు మాఱుగా హెచ్చెను. పుష్టి రోగమునకే పుష్టియైనపుడు, దానిని పోలియుండి పుష్టి నీయని పదార్థమును పెట్టిన నేమగును? సుబ్బారావుగారి శాల అట్టి పదార్థమును, అనగా అమినోప్టెరిన్‌ను చేసి యిచ్చెను. 16 మంది బిడ్డలకు తీవ్రముగా చికిత్స చేయగా 10 మందికి రోగము కొంతకాలము వెనుకపట్టెనని ఫార్బర్ 1948 జూనులో ప్రకటించెను. ఆ ఆగస్టులోనే, 53వ యేట, సుబ్బారావుగారు నిద్రలో కాలధర్మము నొందెను. దాని తోబుట్టువగు మెథోట్రెక్సేటు తరువాత దాని స్థానము నాక్రమించినది.

ఈ మందు పని తిరుగలితో పోల్చి చెప్పవచ్చును. ఫోలిక్ ఆమ్లము గింజ. కణములో నొక తిరుగలి దానిని పిండిచేయును. ఆ పిండి లేనిదే పైని చెప్పిన నాలుగు వర్ణములలో నొకటి తయారుకాదు. వర్ణము లేనిదే ప్రతి సాగదు. మెథోట్రెక్సేటు గింజవలె కనిపించు గులకరాయి. తిరుగలిలో పడి బిగుసుకొనును. ఎడతెగక ప్రతులు వ్రాయు అర్బుదకణము ముందుగా చిక్కును. నోటిపొర, ఎముకలలోని మూలుగ కూడ వేగముగా పెరుగునవే గనుక వానికిని బాధ తప్పదు.

అయినను మెదడు దీనికి లొంగలేదు. 1885లో ఎర్లిక్ అను జర్మను పండితుడు జంతువుల రక్తములో రంగు నెక్కింపగా దేహమంతయు రంగు పట్టెను, మెదడు పట్టలేదు. 1913లో గోల్డ్‌మన్ అనునాతడు రంగును వెన్నునీటిలో ఎక్కింపగా మెదడు పట్టెను, తక్కిన దేహము పట్టలేదు. మెదడులోని రక్తనాళముల గోడలే కోటగోడలు. ఈ కోట మనలను అనేక విషములనుండి కాపాడుచున్నది. మందునకును అదే యడ్డు. రక్తము శుభ్రపడిన బిడ్డలలో సైతము రోగము మెదడు పొరలలో దాగి మరల బయలుదేరుచుండెను. అందుచే వైద్యులు గోల్డ్‌మన్ త్రోవనే పట్టి వెన్నుపూసల నడుమ సూది గ్రుచ్చి, ఆ నీటిలోనే మెథోట్రెక్సేటు నిచ్చిరి.

మెదడు నడుమనే పుట్టు లింఫోమా యను గడ్డకు వేఱొక యుపాయము చేసిరి. కోటగోడను కొంతయైనను దాటునంతటి పెద్దమోతాదు రక్తములో నెక్కింతురు. ఊరకున్నచో అది రోగినే చంపును. దాదాపు ఒక దినము గడచిన పిమ్మట ల్యూకోవోరిన్ అను విరుగుడు నిత్తురు. అది ముందే విసరియుంచిన పిండి. తిరుగలితో దానికి పనిలేదు. మంచి కణములు దానితో తేరుకొనును. ఆ దినములలో నీరు విస్తారముగా ఎక్కింతురు, రక్తములో మందెంత మిగిలెనో మాటిమాటికి చూతురు. రోగి కుదుటపడినట్లున్నాడు, ఇంటికి పోదమని తొందరించు బంధువులు విరుగుడు పూర్తికాకమునుపే ఆసుపత్రి విడిచినచో ప్రాణాపాయమని తెలిసికొనవలెను.

అన్ని గడ్డలును దీనికి లొంగవు. గ్లయోబ్లాస్టోమా యనునది మిక్కిలి క్రూరమైనది. కిరణచికిత్సకు టెమొజొలొమైడ్ అను మందును జతచేయగా, రోగుల మధ్యమ జీవితకాలము 12.1 నెలలనుండి 14.6 నెలలకు పెరిగెనని 2005లో తేలెను. లాభము స్వల్పమే. కాని ఎవరికి ఎక్కువ గుణమిచ్చినదో పరిశీలింపగా నొక వింత బయటపడెను. ఆ మందు అర్బుదకణపు గ్రంథమును పాడుచేయును, గడ్డలోని ఎం.జి.ఎం.టి. యను దిద్దరి దానిని బాగుచేయును. ఏ గడ్డలో ఆ దిద్దరి నోరు మూతపడియున్నదో అచట మందు బాగుగా పనిచేసినది. 2008లో కొన్ని మెదడు గడ్డలయందు ఐ.డి.హెచ్. అను భాగములో ఒక్క యక్షరము మారియుండుట కనుగొనిరి. అట్టి గడ్డలు కలవారు సాధారణముగా ఎక్కువకాలము జీవింతురు. వానిలో మెల్లగా పెరుగు వానికి వొరాసిడెనిబ్ అను మాత్రకు 2024లో అమెరికాలో అనుమతి లభించెను.

కావున గడ్డ యనగానే ఒకే తీర్పు చెప్పరాదు. తునకను తీసి పరీక్షించిన రోగము ప్రాకునను భయము మన పల్లెలలో మెండు. తునక తీయుటలో కొంత ప్రమాదము కలదు. వైద్యుని అడిగి తెలిసికొనుడు. కాని దానిని చదువనిదే ఏ మందునకు లొంగునో తెలియుట అరుదు. కొన్ని గడ్డలు అసలు కాన్సరే కావు, శస్త్రముతో పూర్తిగా పోవును.

మఱియొక మాట కూడ వినుడు. ఇదే మెథోట్రెక్సేటును స్వల్పమోతాదుగా కీళ్లవాతమునకు నేడు ఇచ్చుచున్నారు. దానిని మ్రింగవలసినది వారమునకు ఒక్క దినము మాత్రమే. పొరబాటున ప్రతిదినము మ్రింగి ప్రాణములు పోగొట్టుకొన్నవారు కలరు. ఏ వారమున మ్రింగవలెనో చీటీపై పెద్ద యక్షరములతో వ్రాయించుకొనుడు. దానితోపాటు వైద్యుడు వేఱుదినమున మ్రింగుమని యిచ్చు చిన్న పచ్చని మాత్రయే సుబ్బారావుగారి ఫోలిక్ ఆమ్లము.