సాదుకున్న బిడ్డ అడిగిన ప్రశ్న

"అయ్యగారూ, మేము బిడ్డను వాపస్ ఇద్దామనుకుంటున్నం. మీరొక లెటర్ రాసియ్యాలె."

గత ఏడాది ఒక ఆదివారం, ఆరాధన ముగిసి అందరూ వెళ్లిపోయాక, కేతేపల్లిలో మా ఇంటి వరండాలో కూర్చుని ఆ దంపతులు ఈ మాట అన్నారు. నాకు వెంటనే నోట మాట రాలేదు. ఏడేళ్ల క్రితం ఆ బిడ్డను ఒడిలో పెట్టుకుని చర్చికి తెచ్చినప్పుడు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది నేనే. పన్నెండేళ్లు సంతానం కోసం హన్నాలా ఏడ్చిన ఆ తల్లి సాక్ష్యం చెబుతుంటే సంఘమంతా కళ్లు తుడుచుకుంది. అలాంటి తల్లి ఇప్పుడు వాపస్ అంటోంది. (వారి అనుమతితోనే ఇది రాస్తున్నాను. వారెవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను.)

బిడ్డకు మూడేళ్లున్నప్పుడు శిశుగృహ నుంచి చట్టప్రకారం దత్తత తీసుకున్నారు. ఇంట్లో తిండికి కొదవ లేదు. అయినా ఆ పిల్ల దిండు కింద రొట్టె ముక్కలు దాచిపెడుతుంది, అవి బూజు పట్టినా పారేయనివ్వదు. కొత్తవాళ్లు ఎవరొచ్చినా పోయి ఒళ్లో కూర్చుంటుంది గానీ, తల్లి దగ్గరకు తీసుకుంటే విదిలించుకుంటుంది. రాత్రిళ్లు లేచి తలుపు గడియ పడిందో లేదో చూస్తుంది. బడిలో తోటి పిల్లల పెన్నులు, చిల్లర తీస్తుంది, అడిగితే తీయలేదని ఒట్లు పెడుతుంది. చుట్టాలేమో "ఎవరి రక్తమో, ఎక్కడి బుద్ధులో" అంటూ ఆ పిల్ల వింటుండగానే మాట్లాడతారు.

అంతకుముందు కూడా వాళ్లు నా దగ్గరకు వచ్చారు. నేను మూడు శుక్రవారాలు ఉపవాస ప్రార్థన పెట్టాను. బిడ్డను కూర్చోబెట్టుకుని, అమ్మానాన్నల పట్ల కృతజ్ఞత ఉండాలమ్మా అని బుద్ధి చెప్పాను. ఆ రోజు ఆమె తల దించుకునే ఒక ప్రశ్న అడిగింది. "అయ్యగారూ, నన్ను కన్నమ్మ బతికే ఉందా?" నేనేమన్నానో నాకు ఇప్పటికీ గుర్తుంది. "దేవుడు నీకింత మంచి అమ్మనిచ్చాడు కదా, ఇంక అవన్నీ ఎందుకు తల్లీ" అన్నాను. మంచి మాటే చెప్పాననుకున్నాను. నిజానికి బిడ్డ తలుపు తడితే లోపలి నుంచి గడియ పెట్టాను. ఆ తర్వాత ఆమె నన్ను ఏమీ అడగలేదు.

దత్తత గురించి నేను ఎన్ని ప్రసంగాలు చేశానో! పౌలు రోమీయులకు రాస్తూ వాడిన 'దత్తపుత్రాత్మ' అనే మాట (రోమా 8:15) సెమినరీలో గ్రీకు తరగతిలో నేర్చుకున్నది. రోమా లోకంలో దత్తత చాలావరకు వారసత్వం కోసం, పెద్దవాళ్లయిన మగవారిని తీసుకునే పద్ధతి. కుమారుని హక్కు మనకు పూర్తిగా దక్కిందని చెప్పడానికి పౌలు ఆ మాట వాడాడు. అది మహిమ గల సత్యమే. కానీ మూడేళ్ల పసిబిడ్డ తనను ఎత్తుకున్న చేతులన్నీ ఒక్కొక్కటిగా మాయమవుతుంటే ఏమనుకుంటుందో ఆ తరగతిలో ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

లేఖనం మాత్రం ఆ సంగతిని దాచలేదు. మోషే ఫరో కుమార్తె ఇంట కుమారుడిగా పెరిగాడు, ఏ లోటూ లేదు. పెద్దవాడయ్యాక తనవాళ్లు ఎవరో చూడటానికి బయటికి వెళ్లాడు (నిర్గమ. 2:11). తర్వాత తనకు కొడుకు పుడితే గెర్షోము అని పేరు పెట్టాడు. ఆ పేరులో పరదేశి అన్న అర్థం ఉంది. రాజభవనంలో పెరిగినవాడు కన్నకొడుకుకు పెట్టుకున్న పేరది! పెంచిన తల్లి మీద ప్రేమ లేక కాదు, తానెవరో తెలియక లోపల ఒక ఖాళీ మిగిలిపోయింది. ఎస్తేరు సంగతి కొంచెం వేరు. తల్లిదండ్రులు చనిపోయారని ఆమెకు తెలుసు, పెంచిన మొర్దెకై సొంత బంధువు (ఎస్తేరు 2:7). కథ తెలిసిన బిడ్డకూ, తెలియని బిడ్డకూ అక్కడే తేడా వస్తుంది.

వైద్యులు ఈ సంగతిని ఎప్పుడో గుర్తించారు. జాన్ బౌల్బీ అనే ఇంగ్లండు వైద్యుడు 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు రాసిన నివేదికలో, పసితనంలో తల్లికో, తల్లిలాంటి ఒక మనిషికో అతుక్కుని పెరగడం తిండి ఎంత ముఖ్యమో అంత ముఖ్యమని చెప్పాడు. 2000లో రుమేనియా రాజధాని బుకారెస్టులో అనాథాశ్రమాల్లోని 136 మంది పసిపిల్లలపై ఒక అధ్యయనం మొదలైంది. వారిలో కొందరిని కుటుంబాల్లో పెట్టి పెంచారు. ఆ పిల్లలు చాలా విషయాల్లో కోలుకున్నారు, అందులోనూ రెండేళ్లలోపే ఇల్లు చేరినవారు మనుషులతో బంధం పెంచుకోవడంలో ఎక్కువ మెరుగుపడ్డారు. కాబట్టి రొట్టె దాచే పిల్ల దొంగ కాదు. ఒకప్పుడు ఆకలి వేసినప్పుడు ఎవరూ రాలేదని ఆమె ఒంటికి గుర్తుంది, మనసుకు గుర్తు లేకపోయినా. దాన్ని దయ్యం అనుకుని స్వస్థత కూటములకు తిప్పేవాళ్లు మన సంఘాల్లో ఉన్నారు. నేనూ ఆ దారికి ఎంతో దూరంలో లేను.

మన జిల్లాకు ఈ గాయం కొత్తది కాదు. 1999లో, మళ్లీ 2001లో, దేవరకొండ, చందంపేట వైపు లంబాడా తండాల నుంచి ఆడశిశువులను కొద్దిపాటి డబ్బుకు తీసుకుని హైదరాబాద్‌లోని ఆశ్రమాల ద్వారా విదేశాలకు దత్తత పంపుతున్నారన్న వ్యవహారం బయటపడింది. వాటిలో కొన్ని సంస్థల పేర్లు మన బైబిలు నుంచి తీసుకున్నవే. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. పేదరికం వల్లనో, ఆడపిల్ల అనో కన్నవారు బిడ్డను అప్పగించడాన్ని 2001లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధించింది. అప్పటి పసికందులు ఇప్పుడు పాతికేళ్లు దాటినవాళ్లు. నన్ను కన్నమ్మ ఎవరు అన్న ప్రశ్న వాళ్లకూ ఉండదా?

ఇంకొక సంగతి మనవాళ్లు చాలామందికి తెలియదు. 1956 నాటి హిందూ దత్తత చట్టం క్రైస్తవులకు వర్తించదు. అందుకని చాలాకాలం మనం 1890 నాటి చట్టం కింద సంరక్షకులం మాత్రమే కాగలిగేవాళ్లం. బాల న్యాయ చట్టం వచ్చి, 2006లో దాన్ని సవరించాక అన్ని మతాలవారికీ దారి తెరుచుకుంది. 2014లో సుప్రీంకోర్టు దాన్ని స్థిరపరిచింది. అంతకుముందు మన సంఘాల్లో జరిగినదంతా కాగితం లేని పెంపకమే. అన్న బిడ్డనో, చెల్లెలి బిడ్డనో "సాదుకున్నం" అనేవారు. అలాంటి ఇళ్లలోనూ ఇవే బాధలు ఉంటాయి, అడిగే ఆఫీసు మాత్రం ఉండదు.

సరే, ఆ దంపతుల దగ్గరకు వద్దాం. లెటర్ రాయలేదు. ఆరు నెలలు గడువు ఇవ్వమని బతిమాలాను. బిడ్డకు సరైన థెరపిస్టును వెతుకుదాం, నేనూ మీతో తిరుగుతాను అన్నాను. అనడం సులువు. కేతేపల్లి జాతీయ రహదారి మీదే ఉంది, ఇటు నకిరేకల్, అటు సూర్యాపేట, హైదరాబాద్ బస్సులకు లోటు లేదు. ఏ బస్సు ఎక్కాలో తెలిస్తే కదా!

మొదట నగరంలో ఎవరో చెప్పిన ఒక కౌన్సెలర్ దగ్గరకు వెళ్లాం. అరగంటలో ఆయన బిడ్డకు చెప్పింది, నేను చెప్పిన ఉపదేశమే. "నిన్ను వీళ్లు తీసుకోకపోతే నీ గతేమయ్యేది?" అన్నాడు కూడా. తిరుగు ప్రయాణంలో ఆ పిల్ల కిటికీ వైపు తిరిగి కూర్చుని సూర్యాపేట దాకా ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడుకుంటూ మేము దిగాల్సిన ఊరు దాటిపోయామని కూడా మాకు తెలియలేదు. ఫీజు మాత్రం ముందే కట్టించుకున్నారు.

అప్పుడు అర్థమైంది, అడిగి వెళ్లాలని. అంగట్లో మేకను కొంటే నోరు తెరిచి పళ్లు చూసేవాళ్లం, బిడ్డ మనసును చేతిలో పెట్టేటప్పుడు మీ చదువేమిటని అడగడానికి మొహమాటపడతాం. మన దేశంలో కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకోవడానికి పెద్ద అడ్డంకి లేదు. క్లినికల్ సైకాలజిస్టుకు మాత్రం భారత పునరావాస మండలిలో రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ నంబరు అడిగితే తప్పు పట్టుకునేవారి దగ్గరకు వెళ్లనక్కరలేదు. మందులు రాసేది మానసిక వైద్యుడు, మాటలతో, ఆటలతో, బొమ్మలతో పని చేసేది సైకాలజిస్టు. కొందరు బిడ్డలకు ఇద్దరూ కావాలి.

మాకు దారి చూపింది ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉన్న పాత దత్తత ఫైలే. దత్తత తర్వాత రెండేళ్లపాటు ఆరు నెలలకోసారి సంస్థవారు వచ్చి చూడాలని, ఇబ్బంది వస్తే కౌన్సెలింగ్ ఏర్పాటు చేయాలని నిబంధనల్లో ఉంది. వచ్చి చూసిన కాగితాలూ ఉన్నాయి. అన్నిట్లోనూ "బిడ్డ బాగుంది" అనే. వీళ్లు భయపడి ఏమీ చెప్పలేదు, చెబితే బిడ్డను తీసుకుపోతారేమోనని! నల్లగొండలో జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాం. ఎవరూ తిట్టలేదు. నల్లగొండ, సూర్యాపేటల్లో 2019 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉన్నాయి, వాటి ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగంలో ముందు చూపించుకోవచ్చు. ఎదుగుదలలో, చదువులో వెనుకబాటు ఉందన్న అనుమానం ఉంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ ఉంది. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ ఉంది. ఎర్రగడ్డ అనగానే మనవాళ్లు ముఖం చిట్లిస్తారు, ఆ ఊరి పేరును తిట్టుగా మార్చిన పాపం మనదే. ఎటూ కదలలేని రాత్రివేళ 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ సేవ అది, తెలుగులోనే మాట్లాడతారు. బిడ్డకు ప్రమాదం అనిపిస్తే 1098.

చివరికి దొరికిన క్లినికల్ సైకాలజిస్టు హైదరాబాద్‌లో ఉన్నారు. ఫోన్‌లోనే మేము అడిగాం: దత్తత పిల్లలతో పని చేశారా, తల్లిదండ్రులను కూడా కూర్చోబెట్టుకుంటారా, మా నల్లగొండ మాట బిడ్డ మాట్లాడితే అర్థమవుతుందా, ఎన్నాళ్లు పట్టవచ్చు, ఎంత ఖర్చవుతుంది. ఎన్నాళ్లన్నదానికి ఆమె "ఇప్పుడే చెప్పలేను" అన్నారు. ఆ మాటతోనే నాకు నమ్మకం కుదిరింది. మూడు సిట్టింగుల్లో మార్చేస్తాం అన్నవాళ్లను అప్పటికే చూసి ఉన్నాం.

బలవంతం చేసే చికిత్స ఏదైనా సరే, లేచి వచ్చేయాలి. 2000 ఏప్రిల్‌లో అమెరికాలోని కొలరాడోలో పదేళ్ల దత్త బాలికకు "మళ్లీ పుట్టించే" చికిత్స అని పేరు పెట్టి, దుప్పట్లో చుట్టి, దిండ్లతో అదిమి పట్టారు. ఊపిరాడటం లేదని ఆ బిడ్డ మొత్తుకున్నా వదల్లేదు, ప్రాణం పోయింది. పెంచిన తల్లి ఆ గదిలోనే ఉంది. ఇద్దరు థెరపిస్టులకు జైలుశిక్ష పడింది. 2001లో ఆ రాష్ట్రం అలాంటి చికిత్సను నిషేధించింది. విడుదల ప్రార్థన పేరుతో పిల్లలను పట్టి ఊపే మన సేవకులు కూడా ఈ సంగతి తెలుసుకుంటే మంచిది.

మొదటి రెండు నెలలు ఆ సైకాలజిస్టు బిడ్డతో ఎక్కువగా ఆడుకున్నారు, తల్లితో ఎక్కువగా మాట్లాడారు. "కడుపు పండలేదన్న బాధ ఏం చేశారమ్మా?" అని అడిగితే ఆ తల్లి గంటసేపు ఏడ్చిందట. సాక్ష్యం చెప్పిన రోజున మేమంతా ఆ బాధ తీరిపోయిందనుకున్నాం, ఆమెను కూడా అలాగే అనుకోనిచ్చాం. తండ్రితో ఒక స్టీలు డబ్బా కొనిపించారు. అందులో బిస్కెట్లు, పల్లీలు, రొట్టె ఎప్పుడూ ఉండాలి, అది బిడ్డదే, ఎవరూ లెక్క అడగకూడదు. మొదట్లో ఆ డబ్బా రోజుకు రెండుసార్లు ఖాళీ అయ్యేది. దిండు కింద కూడా దొరికేవి.

ఇప్పటికి ఏడాది కావస్తోంది. చిల్లర తీయడం పూర్తిగా పోలేదు. మొన్న తల్లిని గోళ్లతో రక్కింది కూడా. నెలకు రెండుసార్లు బస్సెక్కుతున్నారు, వాపస్ మాట మాత్రం ఎత్తడం లేదు. సంఘంలో రక్తం గురించి మాట్లాడిన ఒక పెద్దమ్మను ఆ తండ్రే ఆపాడు, "మా బిడ్డ ఇంటది, ఊకోరాదు" అని.

నేను కూడా ఒకసారి సైకాలజిస్టును కలిశాను. బిడ్డ మళ్లీ అడిగితే ఏం చెప్పాలి అన్నాను. "తెలిసింది చెప్పండి, తెలియనిది తెలియదనండి" అన్నారు. ఆమె మళ్లీ అడగదేమోనన్నదే నా భయం.

పోయిన నెల సండే స్కూలు అయ్యాక చాపలు మడుస్తూ అడిగింది. అదే ప్రశ్న. ఈసారి చాప మీద ఆమె పక్కనే కూర్చున్నాను. "నాకు తెలియదమ్మా. నీ ఫైల్లో ఏముందో అడిగే హక్కు నీకుంది. పద్దెనిమిది నిండితే నువ్వే అడగొచ్చు, అంతకుముందైతే అమ్మానాన్నలతో కలిసి అడగాలి. పేరు దొరకొచ్చు, ఎక్కడ దొరికావో అంతవరకే ఉండొచ్చు" అన్నాను. ఆ రోజు నిన్ను అడగనివ్వనందుకు నన్ను క్షమించు అని కూడా అన్నాను. ఆమె క్షమించానని అనలేదు. వేళ్ల మీద లెక్కపెట్టి "ఇంకా ఏడేండ్లు" అని, మిగిలిన చాపలు మడవడానికి లేచింది.