తలుపవతల మొనగాడు

కడుపులో జబ్బు పైకి కనిపించదు. నలుగురిలో చెప్పుకునేదీ కాదు. అలాంటి రోజుల్లో ఓ ఊరకుక్క పిల్ల తోడైతే..?

రాత్రి రెండు గంటలు. ఇల్లంతా నిద్రలో ఉంది. కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి. ఆపుకునే పని కాదు, చెప్పులు వెతుక్కునే వ్యవధి కూడా లేదు. మాది పాతకాలపు ఇల్లు. మరుగుదొడ్డి పెరటి చివర, మునగచెట్టు పక్కన ఉంటుంది. లైటు వేస్తే అత్తయ్యగారికి మెలకువ వచ్చేస్తుంది. పోనీ మావారిని లేపుదామా అంటే ఆయన తెల్లవారుజామునే డ్యూటీకి వెళ్లాలి. అయినా ఎన్నిసార్లని లేపుతాం? ఆ రాత్రికి అది నాలుగోసారి మరి!

చీకట్లో తడుముకుంటూ మెట్లు దిగాను. కాళ్లకు ఏదో మెత్తగా తగిలింది. నాతోపాటే నడిచింది. నేను లోపలికెళ్లి గడియ వేసుకుంటే తలుపవతల కూర్చుంది. ఎంతసేపైనా కదల్లేదు. బయటికి రాగానే తోక ఊపుకుంటూ మళ్లీ నా వెంటే వచ్చింది. 'మళ్లీనా?' అన్న చూపు లేదు. 'ఏం తిన్నావేంటి?' అన్న ప్రశ్న లేదు.

వాడే మా మొనగాడు!

మాది నందిగామ. ఒకప్పుడు కృష్ణా జిల్లా, 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా. నాకున్న జబ్బు అల్సరేటివ్ కొలైటిస్. ఆ పేరు తడబడకుండా పలకడానికే నాకు నెల పట్టింది. ఇలాంటి కడుపు జబ్బులతో లోలోపలే నలిగిపోతున్న అక్కచెల్లెళ్లు ఇంకా ఉంటారు. నేను చేసిన పొరపాటు వాళ్లు చేయకూడదనే ఇది రాస్తున్నాను.

చెప్పుకోలేని బాధ

తలనొప్పి అంటే అమృతాంజనం రాస్తారు. జ్వరమంటే జావ కాచి ఇస్తారు. రోజుకు పదిసార్లు దొడ్డికి వెళ్తున్నానని ఎవరికి చెప్పుకుంటాం, చెప్పండి?

నాకిది 2017 ఎండాకాలంలో మొదలైంది. కొత్త ఆవకాయ రోజులు. నాలుగు ముద్దలు ఎక్కువ తిన్నానేమో అనుకున్నా. మెంతులు మింగాను, దానిమ్మ తొక్కల కషాయం తాగాను, వారం రోజులు ఒట్టి మజ్జిగన్నమే తిన్నాను. నాలుగు రోజులు తగ్గినట్టే ఉండేది. మళ్లీ మామూలే. తర్వాత జిగురు పడటం మొదలైంది. ఆ తర్వాత రక్తం. మొలలై ఉంటాయిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఈ జబ్బు మనిషిని మెల్లగా నలుగురికీ దూరం చేస్తుంది. పెళ్లికి పిలిస్తే ముందు అక్కడ బాత్‌రూమ్ ఎక్కడుందా అన్న ఆలోచనే. నందిగామ నుంచి బెజవాడ యాభై కిలోమీటర్లు. బస్సెక్కాలంటే ముందురోజు సాయంత్రం నుంచే పస్తు ఉండేదాన్ని. కంచికచర్ల దాటాక కడుపు తిప్పితే ఏం చేయాలి? డ్రైవరును ఆపమని ఎలా అడగాలి? ఏటా తప్పకుండా వెళ్లే పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్లకు కూడా తలనొప్పి వంక పెట్టి ఎగ్గొట్టాను. "బాగా సన్నబడ్డావు వదినా, డైటింగా?" అంది మా ఆడపడుచు. నవ్వి ఊరుకున్నా. 'ఈమధ్య పనంటే బద్ధకం ఎక్కువైంది' అన్న మాటా చెవిన పడింది. దానికీ ఊరుకున్నా.

మునగచెట్టు కింద దొరికాడు

ఆ ఏడే శ్రావణంలో రెండు రోజులు ముసురు పట్టింది. పెరట్లో మునగచెట్టు మొదట్లో కుయ్యోమంటూ ఓ కుక్కపిల్ల. ఎలా వచ్చిందో తెలియదు. గుప్పెడంత ఉంది. మా అబ్బాయి దాన్ని తువ్వాల్లో చుట్టుకుని వసారాలోకి తెచ్చాడు. "మడీ ఆచారం అన్నీ మంటగలిపేస్తారు" అని అత్తయ్యగారు కేకలేశారు. వాన తగ్గేదాకే అని అందరం ఒట్టేశాం. వాన తగ్గింది కానీ వాడు వెళ్లలేదు.

మునగచెట్టు కింద దొరికాడని మా అబ్బాయి 'మునగాడు' అని పేరు పెట్టాడు. పక్కింటివాళ్ల నోట్లో పడి అది 'మొనగాడు' అయింది. బల్లిని చూసినా నా చీర చెంగు చాటుకు పరిగెత్తే వాడికి ఆ పేరేమిటో!

మధ్యాహ్నం పూట వేడినీళ్ల సీసా పొట్టకు ఆనించుకుని పడుకుంటే వాడొచ్చి మంచం పక్కనే ముడుచుకునేవాడు. నా చేయి కిందికి వేలాడితే దాని మీద గడ్డం ఆనించేవాడు. ఆ వెచ్చదనానికి నొప్పి పోయేదని అనను. నొప్పితో నేనొక్కదాన్నే ఉన్నానన్న దిగులు మాత్రం పోయేది. మనుషుల దగ్గర నవ్వు నటించాలి. వాడి దగ్గర ఆ అవసరం లేదు.

వాడికి ఒక్కరోజు, నాకు ఎనిమిది నెలలు

2018 సంక్రాంతి వెళ్లిన వారానికి మొనగాడికి విరేచనాలు పట్టుకున్నాయి. పండగ పిండివంటలు ఎవరు పెట్టారో! పొద్దున్నుంచి మూడుసార్లు అయ్యేసరికి ఇంటిల్లిపాదికీ కంగారు. మావారు డ్యూటీకి ఫోన్ చేసి ఆలస్యమవుతుందని చెప్పారు. అబ్బాయి వాణ్ని ఒళ్లో పెట్టుకున్నాడు. ఆటోలో పశువుల ఆసుపత్రికి వెళ్లాం.

డాక్టరుగారు వరసగా అడిగారు. ఎప్పటినుంచి? రోజుకు ఎన్నిసార్లు? జిగురుగా ఉందా? రక్తం పడుతోందా? తిండి తింటున్నాడా, బరువు తగ్గాడా? అన్నింటికీ నేనే టకటకా జవాబు చెప్పాను. సిగ్గనిపించలేదు. కుక్క సంగతే కదా!

ఇంజెక్షన్ చేసి, మందు రాసిచ్చి చివర్లో అన్నారాయన: "రక్తం కనిపిస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకూడదమ్మా."

దారిపొడవునా ఆ మాటే చెవుల్లో మోగింది. కుక్కకు ఒక్కరోజు విరేచనాలైతే ఇంట్లో అందరం పనులు మానుకుని పరిగెత్తాం. నాకు ఎనిమిది నెలలుగా అవుతుంటే ఎవరికీ తెలియదు. తెలియనిచ్చింది ఎవరు? నేనే!

ఇంటికొచ్చాక మావారు వాడికి స్పూనుతో ఓఆర్‌ఎస్ నీళ్లు పడుతున్నారు. "నాక్కూడా రక్తం పడుతోందండీ. ఎనిమిది నెలలుగా" అన్నాను. ఆయన స్పూను కింద పెట్టేశారు. "ఎందుకు చెప్పలేదు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. అత్తయ్యగారు వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విన్నారు. ఏమీ అనలేదు. ఆ రాత్రి నేను లేచేసరికి పెరట్లో లైటు వెలుగుతూనే ఉంది. అప్పటినుంచి ఆవిడ దాన్ని ఆర్పనివ్వలేదు.

ఇంతకీ ఏమిటీ జబ్బు?

బెజవాడలో కడుపు జబ్బుల డాక్టరుకు చూపించాం. కొలనోస్కోపీ చేసి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపితే అసలు సంగతి తేలింది. అల్సరేటివ్ కొలైటిస్ అంటే పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడటం. మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే దారితప్పి పేగు మీద పడుతుందన్నమాట. దీనికి తోబుట్టువులాంటిదే క్రోన్స్ జబ్బు. 1932లో అమెరికా వైద్యుడు బరిల్ క్రోన్, మరో ఇద్దరు కలిసి దీన్ని వివరించారు. అది నోటి నుంచి ఆసనం దాకా ఎక్కడైనా రావచ్చు. మన దేశంలో పేగు క్షయ కూడా దాన్నే పోలి ఉంటుంది. అందుకే ఊహించుకుని మందులు వాడకూడదు. పరీక్ష చేయించుకోవాల్సిందే.

ఇది అంటురోగం కాదు. ఆవకాయ తిన్నందుకు వచ్చింది కాదు. పూర్తిగా పోయేదీ కాదు. మందులతో అదుపులో ఉంటుంది. నెలలు, ఒక్కోసారి ఏళ్ల తరబడి బాగుండి మళ్లీ తిరగబెడుతుంది. 'తగ్గింది కదా' అని మందు మానేస్తే తిరగబెట్టే అవకాశం ఎక్కువ. ఆ పొరపాటు నేను 2020లో చేసి అనుభవించాను.

ఇంకో రకం ఉంది. పరీక్షల్లో వాపూ పుండూ ఏమీ కనిపించవు. అయినా నొప్పి, ఉబ్బరం, విరేచనాలో మలబద్ధకమో వేధిస్తుంటాయి. దాన్ని ఐబీఎస్ అంటారు. పేగుకు ప్రమాదం లేకపోయినా బాధ మాత్రం నిజమే. 'అంతా నీ భ్రమ' అని కొట్టిపారేసేది కాదు.

పేగుకూ మనసుకూ చుట్టరికం

పరీక్ష రాయబోతే కడుపు తిప్పడం మనందరికీ అనుభవమే. మన జీర్ణనాళం గోడల్లో పది కోట్లకు పైగా నాడీకణాలు ఉన్నాయి. వాటికీ మెదడుకూ మధ్య ఎప్పుడూ కబుర్లు నడుస్తూనే ఉంటాయి. మనసు మీద ప్రభావం చూపే సెరటోనిన్ అనే రసాయనంలో దాదాపు తొంభై శాతం తయారయ్యేది పేగుల్లోనే. కొలైటిస్ దిగులు వల్ల పుట్టదు కానీ, దిగులూ నిద్రలేమీ తోడైతే బాధ ఎక్కువవుతుంది.

మరి కుక్క వల్ల ఏమవుతుంది? 2015లో జపాన్ పరిశోధకులు ఓ సంగతి గమనించారు. కుక్కా దాన్ని పెంచే మనిషీ ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటే ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ పెరుగుతుందట. తల్లీబిడ్డల అనుబంధంలో పనిచేసే హార్మోనే అది. 1962లో న్యూయార్కు మనస్తత్వవేత్త బోరిస్ లెవిన్సన్ తన కుక్క జింగిల్స్ సాయంతో పిల్లలకు వైద్యం చేయడం గురించి రాశారు. పెద్దలతో పెదవి విప్పని పిల్లలు కుక్కతో మాట్లాడేవారు. నాకు ఆశ్చర్యమనిపించలేదు. నేనూ అంతే కదా!

అంతకంటే ముందే ఫ్లారెన్స్ నైటింగేల్ 1859 నాటి తన నర్సింగ్ పుస్తకంలో, దీర్ఘరోగులకు చిన్న పెంపుడు జంతువు మంచి తోడు అని రాసింది. క్రిమియా యుద్ధం నుంచి వచ్చాక ఆవిడే ఏళ్ల తరబడి జబ్బుతో గది దాటలేకపోయింది. ఆ గదిలో ఆమెకు పిల్లులే తోడు.

మందు కాదు, తోడు

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. నా జబ్బును మొనగాడు తగ్గించలేదు. తగ్గించింది మందులు. వాడు దొరికాక కూడా నేను ఐదారు నెలలు జబ్బు దాచాను. తోడు దొరికింది కదా అని డాక్టరు దగ్గరికి వెళ్లడం ఇంకా వాయిదా వేశానేమో అని కూడా ఒక్కోసారి అనిపిస్తుంది.

కానీ మంచం దిగాలనిపించని పొద్దుల్లో వాడు దింపుతాడు. ఆరింటికల్లా గొలుసు నోట పట్టుకుని నిలబడతాడు. వాడి కోసమని నాలుగు వీధులు తిరుగుతాను. ఆ నడకలో నలుగురూ పలకరిస్తారు. ఓరోజు మా వెనక వీధి ఆవిడ వాడి తల నిమురుతూనే, నా వైపు చూడకుండా, "నాకూ అలాగే ఉంటోంది" అని చెప్పింది. కుక్క మధ్యలో ఉంటే అలాంటి మాటలు తేలిగ్గా వస్తాయి కాబోలు. మర్నాడు ఆవిడ వెంట నేనే ఆసుపత్రికి వెళ్లాను.

2023 జులైలో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మీదికి నీళ్లొచ్చి రాకపోకలు ఆగిపోయాయి. నా మాత్రలు రెండు రోజులకే ఉన్నాయి. ఆ భయానికే కడుపు తిప్పడం మొదలైంది. వాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని మనసు కుదుటపరుచుకున్నాను. దారి తెరిచాక మావారు చేసిన మొదటి పని నెలకు సరిపడా మందులు తేవడం. ఇప్పుడు ఇంట్లో ఎప్పుడూ పదిహేను రోజుల మందులు అదనంగా ఉంటాయి.

వాడికి ఎనిమిదేళ్లు దాటాయి. మూతి దగ్గర వెంట్రుకలు నెరిశాయి. పరుగు తగ్గింది. మడి అన్న అత్తయ్యగారే ఇప్పుడు పెరుగన్నం చల్లార్చి పెడతారు. నేనిప్పుడు రాత్రిళ్లు లేచేది అరుదు. ఎప్పుడైనా లేస్తే మాత్రం నాకంటే ముందే వాడు మెట్ల దగ్గర ఉంటాడు.

మీ ఇంట్లోనూ ఓ మొనగాడు ఉంటే సంతోషమే. లేకపోయినా ఫరవాలేదు. వాడికి జబ్బు చేస్తే ఎంత త్వరగా పరిగెడతారో, మీకోసం కూడా అంతే త్వరగా పరిగెత్తండి.

ఇవి గమనించండి

* మలంలో రక్తం, రాత్రి నిద్రలేపే విరేచనాలు, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, వదలని జ్వరం... వీటిలో ఏది కనిపించినా 'మొలలే' అనుకోకుండా డాక్టరుకు చూపించుకోవాలి.

* ఏ పదార్థం పడుతుందో, ఏది పడదో మనిషిని బట్టి మారుతుంది. రోజూ తిన్నది ఓ నోటుబుక్కులో రాసుకుంటే తెలుస్తుంది. అన్నీ మానేసి నీరసపడొద్దు.

* కొలైటిస్‌కు కొన్నిసార్లు రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు ఇస్తారు. అవి వాడేవారు కుక్కనో పిల్లినో తెచ్చుకునే ముందు డాక్టరుతో చెప్పాలి. విరేచనాలతో ఉన్న కూనలను ముట్టుకోకూడదు. వాటి మలం ఎత్తే పని ఇంట్లో మరొకరికి అప్పగించాలి.

* జంతువును తాకాక, అన్నం తినేముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. దాని గిన్నెలు వేరుగా ఉంచాలి.

* కుక్కపిల్లకు మూడో నెలలో రేబిస్ టీకా, ఆ తర్వాత డాక్టరు చెప్పినట్టు మళ్లీ మళ్లీ వేయించాలి. నట్టల మందు మరవకూడదు. జులై 6న జూనోసిస్ దినోత్సవం సందర్భంగా పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తుంటారు.

* ఏ కుక్క కరిచినా, గీరినా గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటి కింద పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పెంపుడుదే కదా అని ఊరుకోవద్దు.

* జబ్బు తిరగబెట్టినప్పుడు దాన్ని ఎవరు చూస్తారో ముందే అనుకోవాలి. చూసేవారు లేకపోతే పెంచుకోవడం మూగజీవికి శిక్షే. అలాంటివారు వీధిలో కుక్కకు ఓ ముద్ద, పిట్టలకు గిన్నెడు నీళ్లు పెట్టినా మనసుకు ఊరటే.