ఆముదపు చెక్కలో విషం మిగిలిందా? కణంలో వెలుగు చెప్పే సాక్ష్యం

నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల చల్క నేలల్లో ఆముదం తరతరాల వర్షాధార పంట. పాలెం పరిశోధనా స్థానం రూపొందించిన క్రాంతి, హరిత రకాలు, పి.సి.హెచ్.-111 సంకరం ఇక్కడి రైతులకు సుపరిచితాలు. నూనె తీయగా మిగిలిన చెక్క మాత్రం ఎరువుగానే పోతున్నది. గొర్రెల పెంపకం జీవనాధారమైన ప్రాంతంలో మాంసకృత్తులు పుష్కలంగా గల ఈ పదార్థం మేతకు పనికిరాకపోవడానికి ప్రధాన కారణం రైసిన్. అది నూనెలో కరగదు, చెక్కలోనే నిలిచిపోతుంది.

రైసిన్‌లో రెండు గొలుసులుంటాయి. బి-గొలుసు కణం ఉపరితలంపై గల గాలక్టోజ్‌ను పట్టుకుంటుంది. లోనికి చేరిన ఎ-గొలుసు రైబోజోమ్‌లోని 28ఎస్ ఆర్.ఎన్.ఏ. నుండి ఒకే ఒక్క అడినిన్‌ను తొలగిస్తుంది. ఈ సంగతిని 1987లో జపాన్ శాస్త్రజ్ఞులు ఎండో, సురుగి వెల్లడించారు. ఆ ఒక్క అడినిన్ పోతే ఆ రైబోజోమ్ ఇక ప్రోటీన్ తయారుచేయలేదు.

చెక్కను నిర్విషం చేసే పద్ధతులు లేకపోలేదు. కిలోకు 40 గ్రాముల సున్నం కలపడం, ఆటోక్లేవ్‌లో ఉడికించడం రైసిన్‌ను నశింపజేస్తాయని బెంగళూరులోని జాతీయ పశుపోషణ, శరీరధర్మ శాస్త్ర సంస్థ పరిశోధకులు 2005లో ప్రచురించారు. అక్కడ కొలమానం జెల్‌పై ప్రోటీన్ పట్టీ. పట్టీ కనబడకపోవడం ఒకటి, కణానికి హాని జరగకపోవడం వేరొకటి. ఈ రెండో ప్రశ్నకు జవాబు క్షీరద కణంలోనే వెదకాలి.

ఇందుకు సాధనం ప్రతిదీప్తి ప్రోటీన్ జన్యువును మోసే ప్లాస్మిడ్. 1962లో షిమోమురా జెల్లీచేపలో గుర్తించిన 238 అమినో ఆమ్లాల ఆకుపచ్చ ప్రోటీన్ దీనికి మూలం. మొక్కల్లో వాడే 35ఎస్ ప్రమోటర్‌కు అలవాటుపడిన వ్యవసాయ విద్యార్థులు ఒకటి గమనించాలి: క్షీరద కణాలకు సి.ఎం.వి. ప్రమోటర్ వంటిది కావాలి. ఈ రకపు ప్లాస్మిడ్‌లు చాలావాటిలో ఒకే నిరోధక జన్యువు బాక్టీరియాలో కానమైసిన్‌కు, క్షీరద కణాల్లో జి-418కు పనిచేస్తుంది.

అసలు మెలకువ ప్రోటీన్ ఎంపికలో ఉన్నది. మామూలు ఆకుపచ్చ ప్రోటీన్ కణంలో ఒక రోజుకు పైగా చెక్కుచెదరదు. రైసిన్ కొత్త ఉత్పత్తిని ఆపివేసినా పాత ప్రోటీన్ వెలుగుతూనే ఉంటుంది, విషం లేదని పరిశోధకుడు పొరబడతాడు. అందువల్ల ఎలుక ఆర్నిథిన్ డీకార్బాక్సిలేజ్ తోక తగిలించిన, సుమారు 2 గంటల అర్ధాయువు గల డి2ఇ.జి.ఎఫ్.పి.ని వాడాలి. దీనిని స్థిరంగా ఉత్పత్తి చేసే వీరో కణాలతో షిగా విషాన్ని ఇప్పటికే కొలుస్తున్నారు. షిగా విషం దాడి చేసేదీ ఆ అడినిన్‌పైనే.

చెక్క ద్రావణం తగిలి వెలుగు తగ్గినంత మాత్రాన అది రైసిన్ పనే అనరాదు. సున్నపు క్షారత కూడా కణాలను చంపుతుంది, కనుక ముందు పీహెచ్‌ను సరిచేయాలి. పిదప మరొక గిన్నెలో లాక్టోజ్ కలపాలి. అది బి-గొలుసును ఆక్రమించి రైసిన్‌ను బయటనే నిలుపుతుంది. అప్పుడు వెలుగు నిలిస్తే దోషి రైసినే. శుద్ధ రైసిన్ రసాయనాయుధ ఒప్పందపు మొదటి షెడ్యూల్‌లో ఉన్నందున అది లేకుండానే సాగే ఈ పోలిక మన పరిశోధనశాలలకు అనుకూలం.

పశువులపై మేత ప్రయోగాన్ని ఈ పరీక్ష తప్పించదు, ఏ నమూనా గొర్రె ముందుకు వెళ్లకూడదో ముందే చెబుతుంది. ఊరిలో పారతో సున్నం కలిపిన కుప్ప అంతటా ఒకేలా ఉండదు. నమూనాలను పైపొర నుండే గాక నడుమ నుండి, అడుగు నుండి, ఉండలు కట్టిన చోట్ల నుండి విడివిడిగా తీసి పరీక్షించాలి.