తెరమీద మూడు నిమిషాలు... నాకు 14 గంటలు!

మన సినిమాల్లో కాన్పు ఎలా జరుగుతుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. హీరోయిన్ నడుం పట్టుకుని "అమ్మా!" అంటుంది. తలుపులు మూసుకుంటాయి. బయట హీరోగారు వరండాలో అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు! ఎవరో ముసలావిడ "వేణ్ణీళ్ళు పెట్టండర్రా" అని కేకేస్తుంది. గోడ గడియారం క్లోజప్... లోపల్నించి ఓ కెవ్వుకేక... ఆ వెంటనే క్యారుమంటూ పసిగొంతు. తలుపు తీసుకుని నర్సు బయటికొస్తుంది. ఆవిడ చేతిలో తెల్లటి తువ్వాల్లో బొద్దుగా, తలదువ్వి పౌడరు రాసినట్టున్న మూణ్ణెల్ల పాప! అంతా కలిపి మూడు నిమిషాలు. తర్వాత సీన్లో హీరోయిన్ చెదరని బొట్టుతో పడుకుని చిరునవ్వు నవ్వుతూ ఉంటుంది.

'లవకుశ' (1963) లో సీతమ్మవారి దగ్గర్నుంచి ఈ వరసలో పెద్ద మార్పేమీ లేదు. మణిరత్నం 'అంజలి' (1990) లో మాత్రం పురిటిగది బాధ కాస్త నిజంగా కనిపిస్తుంది. అక్కడ కూడా కథ బిడ్డదే గాని నొప్పులది కాదు. దర్శకుల్ని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు లెండి. పద్నాలుగు గంటల సీను తీస్తే హాల్లో ఎవరు కూర్చుంటారు? నేను మాత్రం కూర్చోవలసి వచ్చింది. టిక్కెట్టు చింపాక లేచి వెళ్ళిపోవడానికి వీల్లేని ఆట అది!

మాది అమలాపురం. అవునండీ, 2004లో 'ఆర్య' వచ్చాక ఊరి పేరు చెప్పగానే ఎదుటివాళ్ళు ఓ నవ్వు నవ్వి కాలితో తాళం వేస్తారే, ఆ అమలాపురమే. పెళ్ళయి హైదరాబాదులో ఉన్నా, తొలిచూలు పుట్టింటి హక్కు కనుక సీమంతం కాగానే మా అమ్మ నన్ను తీసుకొచ్చేసింది. డాక్టరమ్మగారు చెప్పిన తేదీ 2022 జులై 20. ఆ సంవత్సరం జులై మా కోనసీమలో ఎవరూ మరిచిపోలేరు. గోదావరి పోటెత్తింది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 17.75 అడుగులు చేరితే ఇచ్చే మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేశారు. పదహారో తేదీన 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్ళు సముద్రంలోకి వదిలారు. లంకలకి లంకలు మునిగాయి. మా నాన్న టీవీ ముందునుంచి కదిలితే ఒట్టు! క్రికెట్ స్కోరు చెప్పినట్టు "ఇరవై రెండు... ఇరవై మూడున్నర..." అని లక్షలు లెక్క చెబుతూనే ఉన్నారు.

పదిహేనో తేదీ సాయంత్రం ఏడింటికి నడుం దగ్గర సన్నగా పట్టుకుంది. అంతకుముందు వారంలో రెండుసార్లు అలాగే పట్టుకుంటే హడావుడిగా ఆసుపత్రికి పరుగెత్తి, "దొంగనొప్పులమ్మా, ఇంటికెళ్ళి అన్నం తినండి" అనిపించుకుని వచ్చాం. దొంగనొప్పులకీ అసలు నొప్పులకీ తేడా ఏమిటని అడిగితే అమ్మమ్మ ఒక్క ముక్కలో తేల్చేసింది. "దొంగనొప్పి నడిస్తే పోతుందే. అసలుది నీతోపాటు నడుస్తుంది." డాక్టరమ్మగారు చెప్పిందీ అదే. అసలు నొప్పులు ఒక వరసలో వస్తాయి, వ్యవధి తగ్గుతుంది, జోరు పెరుగుతుంది. ఆ రాత్రి పది నిమిషాలకోసారి, ఆపైన ఏడు నిమిషాలకోసారి... సరిగ్గా పదకొండింటికి ఉమ్మనీరు పోయింది. సినిమాలో అయితే ఇక్కడ ఉరుము ఉరమాలి. మా ఇంట్లో అమ్మ "బియ్యం నానబోశానే, ఇప్పుడెలా?" అంది. గాభరాలో ఆవిడకి గుర్తొచ్చింది మర్నాటి అట్లపిండి!

ఆసుపత్రి పేరు చెప్పను. మంచీ చెడూ రెండూ చెప్పదలచుకున్నాను కనుక చెప్పకపోవడమే సబబు. చూసి "మూడు సెంటీమీటర్లు" అన్నారు. గర్భాశయ ముఖద్వారం పూర్తిగా తెరుచుకోవాలంటే పది సెంటీమీటర్లు కావాలి. కొబ్బరికాయ కొడితే చేతిలో మిగిలే చిప్ప ఉంటుందే, దాని మూతి వెడల్పు ఇంచుమించు అంత. కొబ్బరిచెట్ల మధ్య పుట్టిన పిల్లకి ఇంతకంటే మంచి కొలత ఏముంటుంది? మూడు నుంచి పదికి ఎంతసేపు? గంటకో సెంటీమీటరు అని నర్సులు చెబుతూ ఉంటారు. ఆ లెక్క అందరికీ సరిపోదనీ, అయిదు సెంటీమీటర్ల తర్వాతే అసలు జోరనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పింది. నాకు అయిదు కావడానికి తెల్లవారుజామున నాలుగున్నరయింది.

ఇక నొప్పి సంగతి. చాలామంది దాన్ని కత్తితో కోసినట్టుంటుందంటారు. నాకలా లేదు. మా అంతర్వేది దగ్గర సముద్రంలో నడుంలోతు నిలబడితే కెరటం వచ్చేముందు కాళ్ళ కింద ఇసక లాగేస్తుంది చూడండి, అలా మొదలయ్యేది. వెనకనుంచి నడుం చుట్టూ వచ్చి, బిగిసి, ఊపిరి ఆపేసి, ఓ నిమిషానికి వదిలేసేది. వదిలేశాక ఏమీ ఉండదు! ఆ రెండు మూడు నిమిషాలూ మామూలు మనిషినే. మంచినీళ్ళు అడిగాను, ఫోన్లో ఆయన ఎంతవరకొచ్చారో కనుక్కున్నాను, ఓ సారయితే కునుకు కూడా తీశాను. ఈ విరామం సంగతి ఎవరూ చెప్పలేదు నాకు. సినిమాలో కథానాయిక ఆపకుండా అరుస్తుంది కదా, నేను ఆ అరుపంతా ఒక్క నొప్పి అనుకునేదాన్ని.

అరుపంటే గుర్తొచ్చింది. రెండింటి వేళ గట్టిగా అరిస్తే అక్కడున్న ఆయా "ఏంటా గోల? నీకొక్కదానికేనా కాన్పు?" అని కసిరింది. అంతకంటే మోటు మాట కూడా అంది. అది ఈ పేజీలో రాయలేను, తల్లులందరికీ తెలిసిన మాటే. అమ్మనేమో గుమ్మం బయటే ఆపేశారు. పురిటిగదిలో తోడుగా ఒక ఆడమనిషిని ఉండనివ్వాలని కేంద్ర ప్రభుత్వం 2016లోనే మార్గదర్శకాలిచ్చింది. తోడున్న తల్లికి కాన్పు తేలికవుతుందని శాస్త్రమూ చెబుతోంది. కాగితం మీద మాట గుమ్మం దాటాలిగా! అయిదింటికి రౌండ్సుకొచ్చిన డాక్టరమ్మగారు "వాళ్ళమ్మగారిని లోపలికి రానివ్వండి" అన్నాకే అమ్మ వచ్చింది. వచ్చి ఏం చేసింది? నడుం రాసింది, అంతే. ఆ చెయ్యి లేని మూడు గంటలూ, ఉన్న ఎనిమిది గంటలూ నా లెక్కలో వేరువేరు రాత్రులు.

పక్క మంచం మీద పి.గన్నవరం అవతల ఓ లంక నుంచి వచ్చినావిడ. వరద రాకముందే కడుపుతో ఉన్నవాళ్ళని ఒడ్డుకి చేర్చమంటే రెండ్రోజుల ముందే పడవమీద వచ్చేసిందట. రెండో కాన్పు. ఆవిడ నాకు గురువు! "నోరు బిగబట్టకమ్మా, ఊదు. పొయ్యి ఊదినట్టు ఊదు" అంది. మంత్రసానులు చెప్పినా, విదేశాల్లో డబ్బు కట్టించుకుని క్లాసుల్లో చెప్పినా సారాంశం ఇదే. ఆవిడకి అయిదున్నరకి మగపిల్లాడు. ఆరింటికి లేచి కూర్చుని టీ తాగుతోంది! నాకు ఒళ్ళు మండిపోయింది.

తొమ్మిదింటికి ఎనిమిది సెంటీమీటర్లు. అక్కడ నాకు ధైర్యం జారిపోయింది. "ఆపరేషన్ చేసెయ్యండి, నావల్ల కాదు" అని ఏడ్చాను. ఇలా అనడం ఆ దశలో మామూలేనట. డాక్టరమ్మగారు నవ్వి "ఈ మాట అన్నావంటే దగ్గర పడ్డావన్నమాట" అన్నారు. ఆవిడ కావాలంటే 'సరే' అనేయొచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు సిజేరియన్లు. ప్రైవేటు ఆసుపత్రుల్లో నూటికి 63! అవసరమైన చోట ఆ కోత ప్రాణదానమే, అందులో సందేహం లేదు. కాని ముహూర్తం చూసి కోయించుకునేవాళ్ళనీ మనం ఎరుగుదుం. నా అదృష్టం, అది ఆషాఢమాసం. మా బంధువుల్లో ఎవరూ పంచాంగం తియ్యలేదు.

పన్నెండుకి పది సెంటీమీటర్లు. ఇక తొయ్యాలి. గంటసేపు తోశాను. అప్పుడు మంచం పక్కన మిషన్లో బిడ్డ గుండె చప్పుడు మారింది. అంతవరకూ 140 చూపిస్తూ గుర్రపు డెక్కల్లా టకటకలాడుతున్నది నెమ్మదించింది. 110... 90... గదిలో మాటలాగిపోయాయి. ఇందాకటి ఆయా కూడా నా కాలు పట్టుకుని నిలబడింది. డాక్టరమ్మగారు గొంతు పెంచకుండా "వాక్యూమ్" అన్నారు.

నవ్వకండి... నాకు ఆ క్షణంలో గుర్తొచ్చింది 'త్రీ ఇడియట్స్' (2009)! శంకర్ తమిళంలో 'నన్బన్'గా తీస్తే మనకి 'స్నేహితుడు' (2012) గా వచ్చింది. వాన, వరద, కరెంటు లేదు, ఇల్లు ఊడ్చే వాక్యూమ్ క్లీనర్‌తో కాన్పు! హాల్లో ఈలలు వేశారు. ఆ సీను కల్పనే గాని, దాని వెనక వైద్యం నిజం. గాలి లాగి బిడ్డ తల పట్టుకునే ఉపాయాన్ని స్కాట్లండు డాక్టరు జేమ్స్ యంగ్ సింప్సన్ 1849లోనే ప్రయత్నించాడు. 1847లో కాన్పుకి క్లోరోఫాం వాడిందీ ఈయనే. 1950లలో స్వీడన్ డాక్టరు మాల్మ్‌స్ట్రోమ్ దాన్ని చేతికందే పరికరం చేశాడు. నాకు వాడింది చిన్న మెత్తటి గిన్నె లాంటిది. బిడ్డ నడినెత్తి మీద అది ఆనించి, నొప్పి వచ్చినప్పుడు నేను తోస్తుంటే, ఆవిడ లాగారు. రెండు నొప్పులకే పాప బయటికొచ్చింది. ఒంటిగంటా పది నిమిషాలు.

ఏడవలేదు.

సినిమాలో 'కెవ్వు'కీ 'క్యారు'కీ మధ్య ఖాళీ ఉండదు. నాకు ఉంది. తర్వాత అడిగితే ముప్పై, నలభై సెకన్లే అన్నారు. తుడిచారు, వీపు రుద్దారు, నోరూ ముక్కూ శుభ్రం చేశారు, అరికాలు తట్టారు. పాప నీలంగా ఉంది. అమ్మ నా చెయ్యి వదిలేసి గోడవైపు తిరిగింది. అప్పుడు సన్నగా, తలుపు కిర్రుమన్నట్టు ఒక శబ్దం. ఆ వెనకే అసలు ఏడుపు! పుట్టిన నిమిషానికొకసారీ, అయిదు నిమిషాలకొకసారీ బిడ్డకి పదికి మార్కులు వేస్తారు. అమెరికా డాక్టరమ్మ వర్జీనియా ఆప్గార్ 1952లో పెట్టిన పరీక్ష అది. మా పిల్లకి మొదట 6, తర్వాత 9. చదువులో ఎన్ని వచ్చినా ఆ 9 నాకు చాలు.

మాయ పడటం, కుట్లు వెయ్యడం... ఏ సినిమాలోనూ లేని సీన్లు. కుట్లు వేస్తుంటే డాక్టరమ్మగారూ నర్సూ ధవళేశ్వరం నీటిమట్టం గురించి మాట్లాడుకున్నారు. 'అల వైకుంఠపురములో' (2020) చూసిన మా పిన్ని మాత్రం బయటనుంచే "పిల్ల చేతికి చీటీ కట్టారా లేదా?" అని రెండుసార్లు కబురంపింది. కట్టారు లెండి, నాకూ కట్టారు. మా ఆయన మూడింటికి చేరారు. అప్పటికి వరండాలో పచార్లు చెయ్యడానికేమీ మిగల్లేదు పాపం!

అమ్మమ్మని ఓ మాట అడిగాను. ఆ వేణ్ణీళ్ళు ఎందుకని. "బ్లేడూ, దారం ఉడకబెట్టడానికే. నా రెండోవాడప్పుడు ఉడకబెట్టలేదు" అంది. అంతవరకు ఆవిడకి నలుగురు పిల్లలనే నాకు తెలుసు. ఇంట్లో మంత్రసాని చేతిమీద అయిదు కాన్పులు. రెండోవాడు ఎనిమిదో రోజున దవడలు బిగుసుకుని పోయాడట. ధనుర్వాతం. బొడ్డు కోసిన పరికరం శుభ్రంగా లేకపోతే వచ్చేది అదే. గర్భిణికి ఇచ్చే రెండు ఇంజెక్షన్లతో, ఆసుపత్రి కాన్పులతో అది తగ్గుతూ వచ్చింది. పసికందుల ధనుర్వాతాన్ని భారతదేశం నిర్మూలించగలిగిందని 2015లో ప్రకటించారు. మన రాష్ట్రంలో 2018-20 లెక్కల్లో లక్ష జననాలకి 45 మంది తల్లులు పోయారు. దేశం మొత్తం మీద 97. అమ్మమ్మ ఈ అంకెలు విని ఏమీ అనలేదు. పాప బొడ్డు దగ్గర వేసిన క్లిప్పుని చాలాసేపు చూసింది.

తర్వాతి రోజులు పథ్యంతో గడిచాయి. కాయం, వెల్లుల్లి కారం, బీరకాయ... అవన్నీ ఇష్టంగానే తిన్నాను. మంచినీళ్ళు తక్కువ తాగాలన్న పాత నియమాన్ని మాత్రం డాక్టరమ్మగారు కొట్టిపారేశారు. పాలిచ్చే తల్లికి నీళ్ళు కావాలి మరి. ముర్రుపాలు పిండి పారబొయ్యమని సలహా ఇవ్వడానికి రావలసిన దూరపు చుట్టం ఒకావిడ వరద వల్ల రాలేకపోయింది. గోదారి తల్లికి ఆ ఒక్క విషయంలో దణ్ణం పెట్టుకున్నాను!

అందరూ అడిగేది, "పాపని చూడగానే ఎలా అనిపించింది?" అని. ఆకలేసింది. అంతే! వీణలూ, వేణువులూ ఏమీ మోగలేదు. నాలుగో రోజు మాత్రం కారణం లేకుండా ఏడుపు. పాప నిద్రపోతే ఏడుపు, లేస్తే ఏడుపు. దిష్టి తీశారు. అది ఒంట్లో హార్మోన్లు పడిపోవడం వల్ల చాలామంది బాలింతలకి వచ్చేదేననీ, రెండు వారాలు దాటినా తగ్గకపోతే తనని కలవమనీ డాక్టరమ్మగారు చెప్పారు. నాకు పదిరోజుల్లో తగ్గింది. ఒకరోజు తెల్లవారగట్ల పాలు తాగుతూ తాగుతూ ఆగి, కళ్ళు తెరిచి, ఎవరీవిడ అన్నట్టు నా మొహం వంక చూసింది మా పిల్ల. నేనూ అలాగే చూశాను. పరిచయం అప్పుడు మొదలైంది.

లంక ఆవిడని నేను ఆసుపత్రిలో ఉన్న మూడోరోజునే డిశ్చార్జి చేశారు. ఇంట్లో నడుంలోతు నీళ్ళట, ఆడపడుచు ఇంటికి వెళుతున్నామంది. మా అమ్మ ఇంటినుంచి తెచ్చిన పాత మెత్తటి చీరలు రెండు ఇచ్చింది, పొత్తిగుడ్డలకి. వెళ్ళబోతూ నా మంచం దగ్గరాగి, "ఊదడం మర్చిపోకమ్మా, రెండోదానికి పనికొస్తది" అంది.

"రెండోదా!" అన్నాను. ఆసుపత్రిలో అంత గట్టిగా నవ్వినందుకు మళ్ళీ ఆ ఆయా చేతే చీవాట్లు తిన్నాం, ఇద్దరమూ.