మీకు తెలుసా? ఇంధన పంట ఒకచోట, నరికే అడవి మరోచోట

అమెరికాలో పండే మొక్కజొన్నలో మూడో వంతుకు పైగా నేడు ఇథనాల్ కర్మాగారాలకు, అంటే పెట్రోలులో కలిపే ఆల్కహాలు తయారయ్యే చోటికి చేరుతోంది. పెట్రోలులో జీవ ఇంధనం కలపాలంటూ 2005లో తెచ్చి 2007లో విస్తరించిన చట్టమే దీనికి ప్రధాన ప్రేరణ. సుమారు 25 కిలోల గింజలను మర ఆడించి, నీటితో కలిపి పులియబెట్టి, బట్టీ పడితే దాదాపు 10 లీటర్ల ఇథనాల్ వస్తుంది. మిగిలే పిప్పి, గింజ బరువులో ఇంచుమించు మూడో వంతు, పశువుల దాణాగా తిరిగి వస్తుంది కనుక పంటంతా ఆహారానికి దూరమైందనడం సరికాదు.

అయినా గింజలు కరవై ధర పెరిగినప్పుడు, ఆ లోటు పూడ్చేందుకు మరో దేశపు రైతు అడవినో పచ్చిక బయలునో దున్నుతాడు. ఇంధన పంట వేసిన పొలంలో కాక వేరేచోట జరిగే ఈ మార్పునే పరోక్ష భూవినియోగ మార్పు అంటారు. 2008లో తిమోతీ సెర్చింగర్ బృందం ‘సైన్స్’ పత్రికలో దీన్ని లెక్కగట్టి, మొక్కజొన్న ఇథనాల్ వల్ల 30 ఏళ్లలో వెలువడే ఉద్గారాలు పెట్రోలు కంటే దాదాపు రెట్టింపని తేల్చింది. తర్వాతి పరిశోధకులు ఆ అంకెను బాగా తగ్గించినా, నేలలోనూ చెట్లలోనూ దాగిన కర్బనాన్ని లెక్కలో చేర్చక తప్పదన్న వాదన మాత్రం నిలిచింది. అందుకే ఐరోపా సమాఖ్య, అడవుల నరికివేత ముప్పు అధికంగా ఉన్న పామాయిల్ ఇంధనాన్ని 2030 నాటికి తన పునరుత్పాదక ఇంధన లక్ష్యాల లెక్క నుంచి పూర్తిగా తొలగించాలని నిర్ణయించింది.