స్లీపింగ్ ప్యాడ్‌ని నోటితో ఊదబాకండి! మైపాడు బీచ్‌లో నేర్చుకున్న తేలిక పద్ధతులు

ఈరోజు ఎపిసోడ్ టాపిక్ వింటే "ఏంది, దీనికి కూడా ఒక వీడియోనా?" అని నవ్వుతారేమో. బ్యాక్‌ప్యాకింగ్‌కి పోయినప్పుడు పడుకునే గాలి పరుపు, అదే స్లీపింగ్ ప్యాడ్, దాన్ని తేలిగ్గా నింపుకోవడం ఎట్టా? అంతే టాపిక్. కానీ ఈ చిన్న విషయం తెలియక నేను మా నాయన్ని ఒక సాయంత్రం బాగా ఇబ్బంది పెట్టాను. అందుకే ఈ వీడియో.

ముందు ఆ సంగతి చెప్తాను. మా నాయన చాలా ఏళ్లు రైస్ మిల్లులో పని చేశాడు. ఆ దుమ్ముకి ఊపిరితిత్తులు కొంచెం దెబ్బ తిన్నాయి. జేబులో ఇన్‌హేలర్ ఎప్పుడూ ఉంటుంది. మెల్లగా నడిస్తే మాత్రం ఎంత దూరమైనా నడుస్తాడు. "ఒక్క రాత్రి సముద్రం పక్కన పడుకోవాలి రా" అని ఎప్పటి నుంచో అడుగుతుండాడు. సరేనని ఊళ్లో పెద్దవాళ్లకీ, మెరైన్ పోలీసులకీ ముందే చెప్పి మైపాడు వైపు పోయాం. నెల్లూరు నుంచి పాతిక కిలోమీటర్లు. చివర కొంత దూరం బ్యాగులు తగిలించుకుని ఇసుకలో నడిచాం.

నేను టెంట్ వేస్తున్నాను. ఆయన ఊరికే కూర్చోలేక తన ప్యాడ్ తీసి ఊదడం మొదలుపెట్టాడు. నేను చూసుకోలేదు. కాసేపటికి చూస్తే ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని కూర్చుని ఉన్నాడు, మాట రావట్లేదు. ఇన్‌హేలర్ తీసుకున్నాక పది నిమిషాలకు సర్దుకున్నాడు. ఆ పది నిమిషాలు నాకు చేతులు వణికాయి. తర్వాత ఆయన అన్న మాట ఒక్కటే: "ఇంక ఇట్టాంటివి నీలాంటోళ్లకే లేరా." ఆ మాట నాకు బాగా గుచ్చుకుంది. నడవగలిగిన మనిషి, గాలి ఊదలేక రావడం మానేస్తాడా?

అసలు నోటితో ఊదితే ఏమవుతుంది?

లెక్క చూద్దాం. మామూలు ప్యాడ్ 183 సెంటీమీటర్ల పొడవు, 51 వెడల్పు, 6 మందం అనుకోండి. గుణిస్తే 56 లీటర్లు. గొట్టాల ఆకారం వల్ల కొంత పోయినా 40 నుంచి 50 లీటర్ల గాలి కావాలి. మనం ఒకసారి ఊదితే వచ్చేది లీటరున్నర, మహా అయితే రెండు లీటర్లు. అంటే పాతిక ముప్పై సార్లు ఊదాలి. అదీ రోజంతా బరువు మోసి నడిచాక.

అట్టా గబగబా లోతుగా ఊపిరి తీసి ఊదుతుంటే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. దాంతో మెదడుకు పోయే రక్తనాళాలు కొంచెం బిగుసుకుంటాయి. తల తిరగడం, వేళ్లు జిల్లుమనడం అందుకే. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి ఆపేస్తే తగ్గిపోతుంది. ఆస్తమా, ఊపిరి సమస్య ఉన్నవాళ్లకి మాత్రం అది ఆట కాదు.

ఇంకోటి, తేమ. మన ఊపిరి వెచ్చగా, తడిగా ఉంటుంది. ఒక ప్యాడ్ నింపితే లోపలికి పోయే తేమ గ్రాము రెండు గ్రాములే. ఒక్క రాత్రికి ఏం కాదు. కానీ ప్రతి ట్రిప్‌లో ఊది, ఆరబెట్టకుండా చుట్టి పెట్టేస్తే లోపల బూజు పట్టొచ్చు. మన కోస్తా ఉక్కలో అది తొందరగా ఆరదు కూడా.

ఇక్కడ అసలు పాయింట్ పట్టుకోండి. ప్యాడ్‌కి కావాల్సింది ఎక్కువ గాలి, ఎక్కువ ఒత్తిడి కాదు. సైకిల్ టైరుకి కొంచెం గాలి చాలు, కానీ గట్టిగా కొట్టాలి. ప్యాడ్‌కి దానికి పూర్తిగా తిరగ. అందుకే సైకిల్ పంపు ఇక్కడ పనికిరాదు. ఒక్కో దెబ్బకి పావు లీటరు పోతే రెండొందల సార్లు కొట్టాలి. టైర్ల షాపు కంప్రెసర్ అయితే ఇంకా ప్రమాదం, లోపలి అతుకులు ఊడిపోతాయి. ఆ పని చెయ్యబాకండి.

మొదటి పద్ధతి: పంపు సంచి

చాలా ప్యాడ్‌లతో పాటు ఒక పల్చటి సంచి ఇస్తారు. చాలామంది అది ప్యాడ్ కవర్ అనుకుని పక్కన పడేస్తారు. నేనూ అదే చేశాను! అది పంపు.

సంచి అడుగున ఉన్న నాజిల్‌ని ప్యాడ్ వాల్వ్‌కి తగిలించండి. సంచి మూతిని బాగా తెరిచి, మీ నోటికి జానెడు దూరంలో పట్టుకోండి. నోరు ఆనించొద్దు. ఇప్పుడు ఒక్కసారి, మామూలుగా ఊదండి. సంచి చాలావరకు నిండిపోతుంది! ఇదేం మాయ కాదు. వేగంగా పోయే గాలి పక్కనున్న గాలిని కూడా లాక్కుపోతుంది. నెల్లూరు బైపాస్‌లో లారీ పోతే వెనకాల కాగితాలు, దుమ్ము లేచి పోవడం చూశారు కదా, అదే ఇది. నోరు ఆనించి ఊదితే మీ ఊపిరి మాత్రమే పోతుంది. దూరం నుంచి ఊదితే చుట్టూ ఉన్న గాలి కూడా దాంతో పాటు దూరుతుంది.

తర్వాత మూతి మడిచి, పై నుంచి చుట్టుకుంటూ మోచేత్తో మెల్లగా నొక్కండి. గాలంతా ప్యాడ్‌లోకి పోతుంది. సంచి సైజుని బట్టి మూడు నాలుగు సార్లు చేస్తే ప్యాడ్ రెడీ.

సంచి లేకపోతే? పెద్ద చెత్త కవరు ఒకటి తీసుకోండి. ఒక మూల కొంచెం కత్తిరించి, నీళ్ల బాటిల్ మెడ ముక్కని అందులో పెట్టి, రబ్బరు బ్యాండుతో బిగించండి. వాల్వ్ దగ్గర వదులుగా ఉంటే పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టండి. ఇంట్లోనే ఒకసారి మీ వాల్వ్‌కి సరిపోతుందో లేదో చూసుకుని పోండి.

రెండో పద్ధతి: సముద్రపు గాలి

ఇది మా నాయన కనిపెట్టింది. బతిమాలితే రెండోసారి వచ్చాడు. నేను సంచి గురించి పెద్ద లెక్చర్ ఇస్తున్నాను. ఆయన అంతా విని, సంచి తీసుకుని మూతి సముద్రం వైపు తెరిచి పట్టుకున్నాడు. ఊదలేదు. గాలికి సంచి టపటపమని దానంతట అదే నిండిపోయింది. "ఇదేముంది రా, తూర్పారపట్టడమే కదా. గాలి ఎటు నుంచి వస్తుందో చూసుకుని నిలబడితే పని అదే అవుతుంది" అన్నాడు. నా నోరు మూతపడింది.

అయితే టైమ్ చూసుకోవాలి. పగలు నేల తొందరగా వేడెక్కుతుంది కాబట్టి మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా గాలి సముద్రం నుంచి ఒడ్డుకి వస్తుంది. రాత్రి నేల చల్లబడితే గాలి తిరగబడుతుంది. ఆ మధ్యలో కాసేపు ఆకు కూడా కదలదు. అందుకే పొద్దుగూకక ముందే ప్యాడ్ నింపేసుకోండి. ఉదయగిరి వైపు కొండల్లో చెట్ల మధ్య ఉంటే ఈ గాలి దొరకదు, అక్కడ మొదటి పద్ధతే.

మూడో పద్ధతి: చిన్న కరెంటు పంపు

అరచేతిలో పట్టే యూఎస్‌బీ చార్జింగ్ పంపులు వచ్చాయి. నిమిషాల్లో నింపేస్తాయి. ఊపిరి ఇబ్బంది ఉన్నవాళ్లకి ఇది మంచిదే. కానీ చార్జింగ్ అయిపోతే అది రాయితో సమానం. చాలా పంపులు చివరి బిగువు దాకా నింపలేవు. ఇసుక మీద పెట్టి ఆన్ చేస్తే ఇసుకని కూడా పీల్చేస్తాయి. వెంట ఒక సంచి ఉండాల్సిందే.

నాలుగోది: ఊదే పనే లేని ప్యాడ్

సెల్ఫ్ ఇన్‌ఫ్లేటింగ్ ప్యాడ్ అని ఉంటుంది. లోపల స్పాంజి ఉంటుంది, వాల్వ్ తెరిస్తే అది విచ్చుకుంటూ గాలిని తనే పీల్చుకుంటుంది. 1970ల మొదట్లో అమెరికాలోని సియాటిల్‌లో, బోయింగ్‌లో పని చేసి వచ్చిన ఇంజినీర్లు దీన్ని తయారుచేశారు. థర్మారెస్ట్ పేరు అక్కడి నుంచి వచ్చిందే. బరువు ఎక్కువ, బైక్ ట్రిప్‌కి బాగుంటుంది. అసలు గాలే అక్కర్లేని మడత ఫోమ్ ప్యాడ్ కూడా ఉంది. మెత్తదనం తక్కువ, కానీ ముల్లు గుచ్చుకున్నా ఏం కాదు.

మన బీచ్‌లో ఈ జాగ్రత్తలు తప్పనిసరి

ఒకటి, ఇసుక. వాల్వ్‌లో ఒక్క రేణువు ఇరుక్కున్నా రాత్రంతా గాలి కారిపోతుంది. సంచిని తగిలించే ముందు తిరగేసి దులపండి. గాలి ఇసుకని లేపుతుంటే సంచిని నడుము ఎత్తులో పట్టుకోండి.

రెండు, ముళ్లు. సరుగుడు తోపుల్లో ఎండిన కాయలు, సర్కారు తుమ్మ ముళ్లు, రావణాసురుడి మీసాలు ఉంటాయి. ముందు చేత్తో తడిమి, కింద పట్టా వేసి, అప్పుడు ప్యాడ్ పరవండి.

మూడు, తెల్లారేసరికి ప్యాడ్ మెత్తబడితే వెంటనే చిల్లు పడిందని కంగారు పడొద్దు. గాలి 8 డిగ్రీలు చల్లబడితే దాదాపు 3 శాతం కుంచించుకుంటుంది. పడుకునే ముందు ఇంకొంచెం నింపండి. అదే కారణంతో పగటి ఎండలో బిగువుగా ఉంచొద్దు, వాల్వ్ కొంచెం వదలండి.

నాలుగు, ఇంటికొచ్చాక వాల్వ్ తెరిచి, నీడలో ఆరనిచ్చి దాచండి.

బిగువు ఎంత ఉండాలి అంటారా? పక్కకు తిరిగి పడుకుంటే తుంటి నేలకి తగలకూడదు, అంతే. రాయిలా ఉండక్కర్లేదు.

ఫ్రెండ్స్, మీ గుంపులో ఎవరైనా "నా వల్ల కాదు, మీరు పోండి" అంటే, ఏది కాదో ఒకసారి అడగండి. చాలాసార్లు అది ట్రిప్ మొత్తం అయి ఉండదు, ఇట్టాంటి ఒక చిన్న పని అయి ఉంటుంది. ఇప్పుడు మా ఇంట్లో పరుపులు నింపే డ్యూటీ నాయనదే. నా ప్యాడ్ కూడా ఆయనే నింపుతాడు, ఒక్కసారి కూడా ఊదకుండా.

మీ దగ్గర ఇంకా తేలిక పద్ధతి ఉంటే చెప్పండి, నేనూ నేర్చుకుంటాను. మళ్లీ కలుద్దాం, ఉంటాను.