నూరు యంత్రములు, ఒక దినము

క్లౌడ్ అను మాట యిప్పుడు చిన్నపిల్లల నోట గూడ వినవచ్చుచున్నది. మేఘమని పేరేగాని అది ఆకాశమున లేదు. వేలకొలది కంప్యూటర్లను పెద్ద భవనములలో వరుసగా నిలిపి, కావలసినవారికి గంటల లెక్కననో సెకండ్ల లెక్కననో బాడుగకిచ్చు ఏర్పాటే యిది. అమెజాను కంపెనీవారు ఈ.సి.2 అను పేర 2006వ సంవత్సరమున దీని నారంభించిరి. దీనివలన పెద్దపనులు ఎట్లు శీఘ్రముగా ముగియునో ఒక దృష్టాంతముతో వివరింప దలచితిమి.

న్యూయార్కు టైమ్సు పత్రికవారియొద్ద 1851 మొదలుకొని అచ్చయిన పాతవ్యాసముల ఛాయాచిత్రములు గలవు. ఒక్కొక్క వ్యాసము పెక్కు తునుకలుగా నుండుటచే, వానినతికి వ్యాసమున కొక పి.డి.ఎఫ్. పత్రము సిద్ధపరుపవలసి వచ్చెను. వ్యాసములా, 1 కోటి 10 లక్షలు! 2007లో వారు అమెజానువారి యంత్రములను 100 బాడుగకు దీసికొని, 24 గంటలకు కొంచెము లోపుగనే పని ముగించిరి. లెక్కవేసి చూడుడు. ఒక్కొక్క యంత్రము వంతు 1,10,000 వ్యాసములు. అనగా సెకండున కొకటికంటె కొంచె మెక్కువ. ఒకే యంత్రమైనచో నూరు దినములు పట్టియుండును. ఆనాడు చిన్నయంత్రమునకు గంట బాడుగ 10 సెంట్లు. నూరు యంత్రములు ఒకదినము పనిచేసినను, ఒక యంత్రము నూరు దినములు పనిచేసినను, ఆ లెక్కను అయ్యెడి సొమ్ము 240 డాలర్లే. అదే నూరు యంత్రములను కొనియుండినచో, మరునాడు వానికి పనియేది?

అయితే ప్రతిపనియు నిట్లు పంచుటకు వీలుగాదు. పరీక్షాపత్రముల కట్టలను పదుగురు ఉపాధ్యాయులు పంచుకొని దిద్దవచ్చును. ఒకరి కట్టతో మరియొకరికి బనిలేదు. బీజగణితపు లెక్క యట్టిదిగాదు. మొదటిమెట్టు తేలనిదే రెండవది నడువదు. పనిలో నూటికి 5 పాళ్లు ఇట్లు వరుసగానే జరుగవలసినదైనచో, ఎన్ని యంత్రములు పెట్టినను వేగము 20 రెట్లు మించదు. ఈ సూత్రము 1967 నాటి వ్యాసమునుబట్టి ఆమ్‌డాలుగారి పేర వాడుకలోనున్నది.

మరియొక చిక్కు గలదు. నూరు యంత్రములున్నచోట ఒకటి రెండు నడుమనే ఆగిపోవుట వింతగాదు. గూగులు సంస్థకు జెందిన జెఫ్రీ డీన్, సంజయ్ ఘెమావత్ గారలు 2004లో ప్రకటించిన మ్యాప్‌రెడ్యూస్ పద్ధతిలో, ఒక యంత్రము మేస్త్రీవలె తునుకలను పంచి, తక్కినవానిని మాటిమాటికి పలుకరించుచుండును. బదులు రానిచో ఆ తునుకను వేరొకదాని కప్పగించును. ఆగిన యంత్రముకంటె నత్తనడక యంత్రముతోడి బాధయే యెక్కువయని మాకు దోచుచున్నది. ఏలయన అది బ్రతికియున్నట్లే కనబడును, అందరును దానికొఱకు కాచుకొనవలెను. అందుచే తుదకు మిగిలిన తునుకలను రెండవ యంత్రమునకు గూడ నిచ్చి, ముందు వచ్చిన ఫలితమును గైకొందురు. ఈ యుపాయము మానినప్పుడు, వారి పరీక్షలో వరుసకూర్పు పనికి నూటికి 44 వంతుల కాలము అధికముగా పట్టెను.

కావున ఏ తునుకనైనను రెండుమారులు చేసినను చెరుపులేనట్లు ప్రోగ్రామును వ్రాయవలెను. ఖాళీయంత్రములను చౌకగా బాడుగకు దీసికొనువారికి ఇది మరింత ముఖ్యము. అమెజానువారు అట్టివానిని రెండు నిమిషములు ముందుగా తెలిపి వెనుకకు దీసికొందురు.

ప్రోగ్రాములోని తప్పునకు మాత్రము ఈ మేస్త్రీ యేమియు చేయజాలదు. అదే తప్పును నూరు యంత్రములును శ్రద్ధగా చేయును. న్యూయార్కు టైమ్సువారి పని ముగిసినపిమ్మట పత్రములలో నొక లోపము కనబడెను. వారు దానిని సవరించి, కోటి పదిలక్షల వ్యాసములను మరల మొదటినుండి నడిపించిరి.